శుక్రవారం బొట్టు పెట్టిన కంప్యూటర్

"పన్నెండింటికి ఈ పిల్లని జీపెక్కిస్తానండి. ఈలోగా మీ పరిశోధనేదో మీరు చేసేస్కోండి. కాదనను," అన్నాడు ఎస్సై పల్లంరాజు, మీసాన్ని మెలితిప్పి.

డిటెక్టివ్ బుల్లబ్బాయి గోడ గడియారం వంక చూశాడు. పదిన్నర.

"గంటన్నరా! అంత టైమెందుకండీ? మిగిలిన టైములో భోజనం కూడా చేసేస్తాను," అన్నాడు.

బుల్లబ్బాయికి పేరొక్కటే బుల్లి. వయసు యాభై దాటింది. నడుము కొలత వయసుతో పందెం వేసుకుని ఎప్పుడో గెలిచేసింది. నరసాపురంలో జగదాంబ లేస్ ఎక్స్‌పోర్ట్స్ వారి టేబుల్‌క్లాత్ పోయిందని ఆ పొద్దున్నే జగదాంబ గారు స్వయంగా ఫోన్ చేస్తే, "లేసు పోయిందంటే లేచినవాణ్ణి లేచినట్టే వచ్చేస్తాను పిన్నిగారూ" అని రాజమండ్రిలో బస్సెక్కేశాడు. వచ్చేసరికి వీధిలో పోలీసు జీపు, దాని పక్కన నీలం టాపు ఆటో, ఆటోలో తువ్వాలు మొహంమీద కప్పుకుని కునుకుతున్న డ్రైవరు.

ఇంటి ముందు గదే ఆఫీసు. రెండు బల్లలు, ఒక బీరువా, గల్లాపెట్టె, ఫోను. మూలన పెద్ద కంప్యూటరు. ఉన్న రెండు కుర్చీల్లో ఒకటి ఎస్సై ఆక్రమించాడు, ఇంకోదాంట్లో జగదాంబ గారి కొడుకు, యజమాని గున్నేశ్వరరావు దిగాలుగా కూలబడి ఉన్నాడు. గుమ్మం పక్కన కంప్యూటర్ కంపెనీ అట్టపెట్టె ఒకటి కనబడగానే బుల్లబ్బాయి దానిమీద చతికిలబడ్డాడు.

"అబ్బ! హార్డ్‌వేర్ పెట్టె ఇంత సాఫ్ట్‌గా ఉందేంటండీ!"

"అది మావాడు కంప్యూటర్ రిపేరుకి తీసుకెళ్ళడానికి పెట్టాడండి," అన్నాడు గున్నేశ్వరరావు నీరసంగా. "వైరస్ వచ్చిందంట. బయట ఆటో కూడా అందుకే అనుకుంటాను."

మావాడంటే మేనల్లుడు ఉదయ్‌భాస్కర్. పన్నెండేళ్ళుగా ఇక్కడ మేనేజరు. నుదుటిన ఆంజనేయస్వామి సింధూరం నిలువుగా మెరుస్తుండగా, పెరటి వైపు గుమ్మంలో చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

ఎస్సై ఎదురుగా, బల్ల అంచు పట్టుకుని నిలబడి ఉంది లక్ష్మీప్రసన్న. మొగల్తూరు రైతుల అమ్మాయి. డిగ్రీ చదివింది. విదేశీ కంపెనీలకు ఇంగ్లీషులో ఉత్తరాలు రాయడం, కొత్త డిజైన్లు గీసి తమ ఊరి ఆడవాళ్ళ చేత అల్లించడం ఆమె పని. పోయిన టేబుల్‌క్లాత్ ఆమె గీసిన నెమలికన్ను డిజైనుదే. ఆర్నెల్లు పట్టింది అల్లడానికి. సోమవారం ఇటలీ కంపెనీ మనిషి వచ్చి చూడాల్సిన ఒకే ఒక్క నమూనా. అది బీరువాలో లేదని ఇవాళ పొద్దున్న చూసింది కూడా ఆమే.

"దొంగెవరో తెలీదంటే నేను ఒప్పుకోనండి," అన్నాడు పల్లంరాజు. "దొంగే రాసి పెట్టింది. ఇంకేం కావాలి?"

బల్లమీద లక్ష్మీప్రసన్న లాప్‌టాప్ తెరిచి ఉంది. అందులో నోట్సు రాసుకునే ప్రోగ్రాం. అసలు పుస్తకంలాగే పేజీలు, పేజీ నెత్తిన రాసిన తేదీ, టైము దానంతటదే పడుతుంది. ఆఖరి పేజీ మీద నిన్నటి శుక్రవారం, సాయంత్రం ఏడుకి ఇంకో ఎనిమిది నిమిషాలు ఉందనగా అని ఉంది. కింద నాలుగు లైన్ల ఇంగ్లీషు. నమూనాని పూర్తి స్పృహతో వేరే కంపెనీకి అమ్మేశానని, కలిగిన అసౌకర్యానికి చింతిస్తున్నానని దాని సారాంశం.

"అసౌకర్యానికి చింతిస్తోందా?" బుల్లబ్బాయి కళ్ళు చిట్లించాడు. "దొంగతనం చేసి రైల్వే మైకులో చెప్పినట్టు చెప్పడం నేనెక్కడా చూళ్ళేదండి."

"ఇంగ్లీషు చూడండి ముందు! ఒక్క తప్పులేదు. దొరలు రాసినట్టుంది. ఈ ఇంట్లో అంత ఇంగ్లీషు ఎవరికొచ్చండీ? గున్నేశ్వరరావు గారికి సంతకం వరకే. ఈ మేనేజరు గారికి ఎస్, నో, థాంక్యూ. ఇక మిగిలిందెవరు?"

"ఆ మాట గుర్తుంచుకోండి ఎస్సై గారూ. మళ్ళీ అవసరం పడుతుంది," అని బుల్లబ్బాయి లక్ష్మీప్రసన్న వైపు తిరిగాడు. "అమ్మాయ్, వ్యాకరణం ప్రకారం ఈ కేసులో క్రియ ఎస్సై గారిది, కర్మ నీది. కర్త ఎవరో తేలాలి. నిన్న సాయంత్రం ఏం జరిగిందో చెప్పు."

ఆ పిల్ల అతని వైపు తిరిగింది. "నిన్న శుక్రవారం కదండీ. దీపాలు పెట్టే వేళకి మామ్మగారు వచ్చి పూజ చేశారు. అప్పుడు ఆరున్నర. పూజయ్యాక మామ్మగారు లోపలికెళ్ళిపోయారు, అయ్యగారు గుడికెళ్ళారు. నేను ఖాళీ సంచి పట్టుకుని బస్టాండుకెళ్ళిపోయానండి. మేనేజరు గారు ఇక్కడే ఉన్నారు."

"నేనెక్కడున్నాను?" అన్నాడు ఉదయ్‌భాస్కర్. "నేనే ముందెళ్ళాను. తాళం వేసి చెవి గూట్లో పెట్టమని నీకే చెప్పి వెళ్ళాను కదా!"

"అబద్ధమండి!"

"సరే, సరే. ఒకరి మాటకి ఒకరి మాట సరిపోయింది," అన్నాడు బుల్లబ్బాయి. "మరి లాప్‌టాప్ ఎందుకు వదిలేశావమ్మా? రోజూ ఇంటికి తీసుకెళ్తావటగా?"

"శుక్రవారం తీసుకెళ్ళనండి. దీపాలు పెట్టాక ఈ ఇంట్లోంచి వస్తువేదీ గడప దాటకూడదు. సూది కూడా ఇవ్వరు. లక్ష్మి వెళ్ళిపోతుందని."

"నా పేరులో లక్ష్మి ఉందని నన్నూ ఆపేస్తారేమోనని రోజూ భయమేనండి," అని ఆ పిల్ల తనే నవ్వబోయి, ఎస్సై మొహం చూసి ఆపుకుంది.

బుల్లబ్బాయికి ఆ పిల్ల నచ్చింది. జీపెక్కడానికి గంట టైముండగా కూడా నవ్వగలిగిన మనిషి దొంగ అయ్యుంటే ప్రపంచంలో నవ్వుకే విలువుండదు. పైగా ఆడపిల్ల జీపెక్కితే, జీపు కంటే వార్త ముందు మొగల్తూరు చేరిపోతుంది. తర్వాత కోర్టు వదిలేసినా కాలవగట్టు మీద నలుగురి నోళ్ళు వదలవు.

"నీ ఇంగ్లీషు నిజంగా అంత బాగుంటుందా?"

"నాదెక్కడ బాగుంటుందండీ! గ్రామర్ చెకర్ బాగుంటుంది."

"చెక్కరా? తణుకు మిల్లుదా?"

"చెకర్ అండి! తప్పులు చూపించేది. ఇందులో నోట్సు ప్రోగ్రామే ఉందండి. దీంట్లో స్పెల్లింగు తప్పయితే ఎర్రగీత వస్తుంది, అంతే. వాక్యం తప్పయితే ఏమీ చెప్పదు. వాక్యాలు చూసేది ఆ పెద్ద కంప్యూటర్లో ఉంది. అందుకని నేను ఇందులో నోటికొచ్చినట్టు రాసేసుకుంటానండి. మర్నాడు పొద్దున్నే పెన్‌డ్రైవ్‌లో అందులోకి ఎక్కిస్తాను. తప్పున్నచోటల్లా పచ్చగీతలు వస్తాయి. ఒక్కోరోజు నా ఉత్తరం నాట్లేసిన చేలా ఉంటుందండి."

"అప్పుడు కూర్చుని కలుపు తీస్తావన్నమాట!"

"అవునండి. తీసి మళ్ళీ ఇందులోకి తెచ్చుకుంటాను."

"అబ్బే, కథలు!" అన్నాడు పల్లంరాజు. "ఏ మిషనైనా మిషనే."

"పరీక్షిద్దాం. రుచి చూడకుండా ఉప్పు చాలలేదనకూడదు కదండీ," అంటూ బుల్లబ్బాయి లాప్‌టాప్ ముందుకి లాక్కుని, కొత్త పేజీలో రెండు వేళ్ళతో పొడిచి పొడిచి, కావాలని ఛండాలమైన ఇంగ్లీషు వాక్యం ఒకటి కొట్టాడు. నిన్న నేను వెళ్ళుచున్నాను, ఎస్సై పల్లంరాజు గారు బజ్జీలు తిన్నారు తింటాడు అని దానర్థం, అర్థమనేది ఉంటే. చివర తన సంతకం కూడా పెట్టాడు.

పల్లంరాజు పేరు కింద ఎర్రగీత పడింది. బుల్లబ్బాయి పేరు కిందా పడింది. వాక్యం మాత్రం ఏ గీతా లేకుండా దర్జాగా నిలబడింది.

"చూశారా! మనిద్దరి పేర్లూ తప్పంటోంది గాని, మీరు బజ్జీలు తిన్నారు తింటాడంటే దానికి అభ్యంతరం లేదు. నా పేరుకి బదులు ఏం పెట్టుకోమంటోందో చూడండి. లల్లబై! నూటపది కేజీల జోలపాట!"

లక్ష్మీప్రసన్న ఫక్కుమంది. గున్నేశ్వరరావు కూడా నవ్వబోయి దగ్గుగా మార్చుకున్నాడు.

"సాక్ష్యంతో ఆటలా!" పల్లంరాజు లేచి నిలబడ్డాడు. "ఇదిగో వీరాస్వామీ! ఈ లాప్‌టాప్ తీసుకెళ్ళి జీపులో పెట్టు. సీజు చేశాం."

కానిస్టేబుల్ వీరాస్వామి వచ్చి, దాన్ని మడిచి చంకలో పెట్టుకుని వెళ్ళిపోయాడు.

"తీసుకెళ్ళండి, నాకు కావాల్సింది చూసేశాను," అన్నాడు బుల్లబ్బాయి. "అందులో నిన్నటివి ఇంకో మూడు పేజీలున్నాయండి. ఈ అమ్మాయి పగలు రాసుకున్నవి. మూడూ కలుపు తియ్యని చేలు. నాలాంటి వాడికే తప్పులు కనబడుతున్నాయంటే చూస్కోండి. సాయంత్రం రాసిన ఆ దొంగతనం పేజీ ఒక్కటే కలుపు తీసిన చేను. మీరే అన్నారు, దొరలు రాసినట్టుందని. అంటే రాసిందెవరైనా సరే, పెద్ద కంప్యూటర్లో రాసి, దిద్దించి, ఇందులో తెచ్చి పెట్టారు."

పల్లంరాజు మీసం దువ్వుకున్నాడు. "అయితే ఏంటండీ? ఆవిడే ఆ కంప్యూటర్లో దిద్దుకుంది. రోజూ చేసే పనేగా!"

దెబ్బ బాగానే తగిలింది. బుల్లబ్బాయి మెచ్చుకోలుగా తలూపాడు. ఎస్సై మరీ మట్టిబుర్రేం కాదు. మట్టిలో కాస్త ఇసుక కలిసింది, అంతే.

"దానికి ఆ కంప్యూటరే సాక్ష్యం చెప్పాలి. ఏదీ, దాని మొహం చూద్దాం."

పెట్టెమీంచి లేవబోయాడు. లేవడం అంత సులువుగా అవ్వలేదు. ఒళ్ళు అందులోకి దిగబడిపోయింది. గోడ పట్టుకుని లేచి, మూలనున్న కంప్యూటర్ దగ్గరికెళ్ళి వంగాడు. ఆన్ చేసే మీట మీద గుండ్రంగా ఒక బొట్టు ఉంది.

"కంప్యూటర్‌కి బొట్టేంటండీ?" అన్నాడు పల్లంరాజు.

"మా అమ్మ పెడుతుందండి, శుక్రవారం పూజలో," అన్నాడు గున్నేశ్వరరావు. "గల్లాపెట్టెకి, బీరువాకి, ఫోనుకి, దీనికి. దీనికి మొహమెక్కడని అడిగింది కొన్న రోజున. ఆ మీటే అని చెప్పాం. బొట్టు పెట్టాక మర్నాడు పొద్దున్న స్నానం చేసి మా అమ్మే తుడవాలి. అందాకా ఎవరం ముట్టుకోం."

"మరివాళ తుడవలేదేం?"

"ఎలా తుడవనురా?" అన్న కేక లోపలి గుమ్మంలోంచి వచ్చింది. జగదాంబ గారు. డెబ్భై ఐదేళ్ళు, తెల్ల పంచదార చిలకలా ఉంటుంది, గొంతు మాత్రం రైస్‌మిల్లు కూత. "పొద్దున్నించీ ఈ పోలీసులు నా గదిలోకి నన్నే గడప తొక్కనివ్వడంలేదు. సాక్ష్యాలు చెదిరిపోతాయంట! నేనేమన్నా కోడినిట్రా, చెదరగొట్టడానికి?"

"రండి పిన్నిగారూ, నేను ఎస్సై గారికి చెప్తాను. మీ బొట్లన్నీ ఒకసారి పరేడ్ చేయిద్దాం."

బుల్లబ్బాయి ఒక్కొక్కటే చూసుకుంటూ వచ్చాడు. గల్లాపెట్టె: పసుపు పూసి, దానిమీద ముదురు ఎరుపు కుంకుమ. బీరువా: పసుపు, ముదురు ఎరుపు. ఫోను: పసుపు, ముదురు ఎరుపు. కంప్యూటర్ దగ్గరికి వచ్చి ఆగిపోయాడు.

"పిన్నిగారూ, దీనికి పసుపు అయిపోయిందా నిన్న?"

జగదాంబ గారు కళ్ళజోడు పైకి తోసి, ముక్కు మీటకి తగిలేంతగా వంగింది. నిటారుగా లేచింది.

"ఇది నా బొట్టు కాదు."

పల్లంరాజు కూడా వంగి చూశాడు.

"పసుపు లేకుండా నేనెప్పుడూ కుంకుమ పెట్టను. నా కుంకుమ ఇంట్లో పసుపు కొమ్ములతో చేసుకున్నది. ఇది చూడు, నారింజ రంగు! ఇది కుంకుమే కాదు. సింధూరం. ఎవరో నా బొట్టు చెరిపేసి ఇది పెట్టారు."

"సింధూరమా! అయితే దొంగ దొరికాడు. నుదుటిన సింధూరం ఉన్నవాళ్ళు ఈ గదిలో ఇద్దరే," అని బుల్లబ్బాయి గంభీరంగా చుట్టూ చూశాడు. "ఒకరు ఎస్సై గారు."

"ఏమండోయ్!" పల్లంరాజు చెయ్యి అప్రయత్నంగా నుదుటి మీదికి పోయింది. శనివారం కదా, పొద్దున్నే గుడికెళ్ళి వచ్చాడు.

"కంగారుపడకండి. నిన్న సాయంత్రం మీరు స్టేషన్లో బజ్జీలు తిన్నారు తింటాడు. నేనే రాశాను కదా." బుల్లబ్బాయి జేబులోంచి రుమాలు తీశాడు. దాని అసలు రంగు ఏమిటన్నది వేరే పరిశోధన చెయ్యాల్సిన విషయం. "ఏదైతేనేం. ముందు దీన్ని తుడిచేసి మిషన్ ఆన్ చేసి చూద్దాం."

రుమాలు మీట దగ్గరికి వెళ్ళింది.

"తుడవకండి!" పెరటి గుమ్మం దగ్గర్నుంచి ఉదయ్‌భాస్కర్ ఒక్క అంగలో వచ్చి పడ్డాడు. "ఆ మైలగుడ్డతోనా? అమ్మమ్మ తుడవాలండీ అది!"

"చెరిగిపోయాక మళ్ళీ పెట్టింది కూడా అమ్మమ్మేనా?"

"బొట్టు లేకుండా ఎలా వదిలేస్తామండీ, శుక్రవారం పూట! అసలే..."

అక్కడాగిపోయాడు. ఆగకపోయినా పరవాలేదు, సరిపడినంత వచ్చేసింది.

"ఒరేయ్ ఉదయ్," అంది జగదాంబ గారు, ఈసారి మిల్లు కూత లేదు. "నువ్వేనట్రా?"

ఉదయ్‌భాస్కర్ నేలచూపులు చూశాడు. "మీట నొక్కగానే బొట్టంతా నా వేలికి అంటుకుపోయిందమ్మమ్మా. భయమేసింది. నీ కుంకుమ భరిణ లోపలుంటుంది కదా. జేబులో స్వామి సింధూరం పొట్లం ఉంటే అదే పెట్టి దణ్ణం పెట్టుకున్నాను."

"నేరం చేస్తూ దణ్ణం పెట్టుకున్నాడండీ!" అన్నాడు పల్లంరాజు నోరెళ్ళబెట్టి.

"నాకు ఇంగ్లీషు రాదు కదండీ. ఇంగ్లీషులో ఉంటేనే ఈ అమ్మాయి రాసిందని నమ్ముతారు. తోచినట్టు కొట్టి, అది పచ్చగీత గీసినచోటల్లా ఏం మార్చమంటే అది మార్చుకుంటూ పోయాను." మావయ్య వైపు తల తిప్పాడు. "పన్నెండేళ్ళ నుంచి చేస్తున్నాను మావయ్యా. మేనేజరు, మేనేజరు అంటావు గాని ఏ రోజైనా వాటా మాట ఎత్తావా? పోటీ కంపెనీ వాళ్ళు ఇస్తామన్నారు."

గున్నేశ్వరరావు గల్లాపెట్టె వైపు చూపు తిప్పేసుకున్నాడు.

"సరే, సరుకెక్కడ?" అన్నాడు పల్లంరాజు లాఠీ చంకలోంచి తీసి. "రాత్రికి రాత్రే పోటీ కంపెనీకి చేరిపోయుంటుంది!"

"ఛ ఛ! మీరింకా ఈ ఇంటిని అర్థం చేసుకోలేదండి," అన్నాడు బుల్లబ్బాయి. "కంప్యూటర్‌కి బొట్టు చెరిగితేనే తట్టుకోలేక మళ్ళీ పెట్టిన మనిషి. శుక్రవారం దీపాలు పెట్టాక ఈ గడప మీంచి సూదిని దాటించడు. అంతంత లేసుని దాటిస్తాడా? ఏం బాబూ?"

ఉదయ్‌భాస్కర్ నిజంగానే నొచ్చుకున్నాడు. "అలా ఎలా చేస్తానండీ? లక్ష్మి వెళ్ళిపోదూ!"

"విన్నారా? దొంగతనం శుక్రవారం. బట్వాడా శనివారం. పొద్దున్నే పట్టుకెళ్దామంటే ఈ అమ్మాయి వచ్చి బీరువా తెరిచింది, మీరు జీపేసుకుని దిగిపోయారు. అంచేత సరుకు ఇంట్లోనే ఉంది. ఇంకా చెప్పాలంటే..." బుల్లబ్బాయి గుమ్మం పక్కకి నడిచి, తను పావుగంట కూర్చున్న అట్టపెట్టెని ప్రేమగా తట్టాడు. "దీని మీద కూర్చోగానే నా శరీరం చెప్పింది, నా బుర్రే వినలేదు. కంప్యూటర్ పెట్టెలో థర్మోకోల్ ఉంటే నా బరువుకి ఫెళ్ళుమనాలి కదండీ. ఫోమ్ పరుపులా దిగబడిందేం?"

పల్లంరాజు పెట్టె మూత చింపాడు. పైన రెండు పాత న్యూస్ పేపర్లు, కింద తెల్ల దుప్పటి, దుప్పటి విప్పితే నెమలికళ్ళు. గదంతా ఒక్కసారి తెల్లగా విచ్చుకున్నట్టయింది. లక్ష్మీప్రసన్న మోకాళ్ళమీద కూర్చుని, ఒక్కో మూలా వేళ్ళతో తడిమి చూసుకుంది.

"ఇదేనండి. ఒక్క పోగు కూడా లేవలేదు." కళ్ళు తుడుచుకుని, "మీరు కూర్చున్నా కూడా!" అంది.

జగదాంబ గారు వచ్చి ఆ పిల్ల భుజం పట్టుకుని లేపింది. "లే తల్లీ. పొద్దున్నించీ నిలబెట్టేశారు. లోపలికి రా, పెసరట్టు వేస్తాను." తర్వాత ఎస్సై వైపు తిరిగింది. "పన్నెండింటికి జీపెక్కిస్తానన్నావుగా నాయనా? ఇదిగో మా మనవడు. ఎక్కించుకో. ముందు వాడికీ ఓ అట్టు పెట్టి పంపుతాను."

పల్లంరాజు టోపీ తీసి, మళ్ళీ పెట్టుకున్నాడు. "బుల్లబ్బాయి గారూ, నేను... అంటే... కలిగిన అసౌకర్యానికి..."

"చింతించకండి! ఆ మాట నాకు చెప్పడం కాదు. ఆ అమ్మాయికి చెప్పండి, తెలుగులో. తెలుగుకి పచ్చగీతలు రావు, ధైర్యంగా మాట్లాడొచ్చు."

ఎస్సై ఆ పిల్లకి ఏదో గొణిగాడు. గొణిగినా సరే, చెప్పాడు. గున్నేశ్వరరావు సైతం ఈసారి దగ్గు సాయం లేకుండా నవ్వాడు.

అప్పుడే వీధిలో ఆటో స్టార్టయిన చప్పుడు వినబడింది. గేరు మార్చుకుని, దూరమైపోయింది.

"అదేంటి బాబూ, నీ ఆటో పెట్టె లేకుండానే వెళ్ళిపోతోందే?" అన్నాడు బుల్లబ్బాయి.

ఉదయ్‌భాస్కర్ అయోమయంగా చూశాడు. "నా ఆటోనా? నేను మన ఆటో అప్పారావుకి చెప్పానండి. పదకొండున్నరకి రమ్మన్నాను. ఇంకా టైముంది కదా!"

"మరి పొద్దున్నించీ బయటున్న నీలం టాపు ఆటో?"

"నీలం టాపా?" ఉదయ్‌భాస్కర్ వీధి గుమ్మం వైపు మెడ సాచాడు. "అది వాళ్ళదండి. పోటీ కంపెనీ వాళ్ళది. వాళ్ళు నన్ను నమ్మలేదన్నమాట."

బుల్లబ్బాయి ఉన్న బరువంతా మరిచిపోయి గుమ్మంలోకి ఉరికాడు. వీధిలో జీపు ఒంటరిగా నిలబడి ఉంది. టీకొట్టు వైపు నుంచి వీరాస్వామి గ్లాసు పట్టుకుని పరిగెత్తుకొస్తున్నాడు, టీ సగం చొక్కామీదే పోసుకుంటూ.

"సార్! జీపులో లాప్‌టాప్ లేదండి! ఇలా టీకెళ్ళి అలా వచ్చాను సార్!"

వెనక నుంచి లక్ష్మీప్రసన్న గొంతు సన్నగా వినబడింది. "నెమలికన్ను అల్లే వరస మొత్తం అందులోనే ఉందండి. ఏ పోగు తర్వాత ఏ పోగో, పేజీ పేజీ. అదుంటే ఇలాంటివి ఎవరైనా ఎన్నయినా అల్లించుకోవచ్చు."

బుల్లబ్బాయి చూపు గోడ మీది క్యాలెండర్ మీద పడింది.

ఇవాళ శనివారం. ఇంట్లోంచి ఏ వస్తువైనా ఎంచక్కా గడప దాటొచ్చు.

"పిన్నిగారూ, నా పెసరట్టు మూతపెట్టి ఉంచండి," అని కేకేసి, అతను ఎస్సై కంటే ముందు జీపెక్కేశాడు.